ప్రమాదం తర్వాత గొంతు పోయిన హెల్ప్ డెస్క్ ఉద్యోగి: ఒక కేస్ స్టడీ

పెద్ద ప్రమాదం జరిగాక ఆసుపత్రి సిబ్బందిలో ఎవరి మనసుకు దెబ్బ తగిలిందో చూసేటప్పుడు అందరి దృష్టీ క్యాజువాలిటీ డాక్టర్ల మీదకీ ఐసీయూ నర్సుల మీదకీ పోతుంది. రక్తం చూసినవాళ్లకే బాధ ఉంటుందని మనకో లెక్క. ఈ కేసులో ఉన్నామె రక్తం చూడలేదు. కాలిన మనిషిని ఒక్కరిని కూడా దగ్గర నుంచి చూడలేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని, వచ్చినవాళ్లకు పేర్లు చూసి చెప్పింది. ఆ లెక్క ఎంత తప్పో ఈమెను చూశాక నాకు బాగా అర్థమైంది. అందుకే రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుని. ఆమె చదివి ఒప్పుకున్నాకే ఇది బయటికి వస్తోంది. వయసు, ఊరు, కుటుంబం, ప్రమాదం జరిగిన చోటు, కాలం, ఇలా గుర్తుపట్టే వీలున్నవన్నీ తీసేశాను, కొన్ని మార్చాను. ఫలానా ప్రమాదమే అయి ఉంటుందని ఊహించవద్దని మనవి.

నేపథ్యం

మన నగరంలో ఆసుపత్రులకు ఇలాంటి రాత్రులు కొత్త కాదు. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహార్ కూలీలు నిద్రలోనే మంటల్లో చిక్కుకుని పోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో ఒకే ఇంట్లో 17 మంది పోయారు. అదే ఏడాది జూన్ 30న పాశమైలారంలో పేలుడు. అక్కడ చాలా మృతదేహాలను డీఎన్ఏ పరీక్షలతో తప్ప గుర్తించలేకపోయారు. ప్రతిసారీ క్షతగాత్రుల గురించి, పరిహారం గురించి, విచారణ గురించి వార్తలు వస్తాయి, రావాలి కూడా. వార్డు కడిగి, షిఫ్టు మార్చుకుని ఇంటికి వెళ్లిన సిబ్బంది గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనపడదు.

ఈ కేసులోది శివారు పారిశ్రామికవాడలో జరిగిన పేలుడు. అక్కడి యూనిట్లలో బీహార్, ఒడిశా, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు కాంట్రాక్టర్ల కింద పనిచేస్తారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కేసు మొత్తానికి మూలం ఇక్కడే ఉంది. కాంట్రాక్టర్ పుస్తకంలో చాలామందికి ఒక్క పేరే ఉంటుంది. ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు ఉండదు. గుర్తింపు కార్డులు ఒంటి మీద బట్టలతో పాటే కాలిపోతాయి. ముఖం కాలిన మనిషికి కొన్ని గంటల్లోనే వాపు వచ్చి కళ్లు మూసుకుపోతాయి. ఊపిరితిత్తుల్లోకి వేడి పొగ పోయి ఉంటుంది కాబట్టి గొంతులో ట్యూబు వేసేస్తారు. ఇక అతను పేరు చెప్పలేడు, కన్నతండ్రి వచ్చినా కట్ల మధ్య గుర్తుపట్టలేడు. అంబులెన్సులో పక్కన వచ్చిన తోటి కార్మికుడు ఏ పేరు చెబితే అదే కేస్ షీటు మీదకి ఎక్కుతుంది. కేస్ షీటు నుంచి లిస్టులోకి, లిస్టు నుంచి హెల్ప్ డెస్కుకి.

ఆమెది ముప్పై దాటిన వయసు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా చేరి చాలా ఏళ్లుగా అదే డెస్కులో ఉంది. తెలుగు, హిందీ, పాతబస్తీ ఉర్దూ మూడూ తడుముకోకుండా మాట్లాడుతుంది. బిల్లు దగ్గర ఎవరైనా కేకలేస్తే సూపర్‌వైజర్ ఆమెనే పంపేవాడు. అంతకుముందు మానసిక సమస్యలేవీ లేవు, గొంతు సమస్యా లేదు. ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నం డ్యూటీలో ఉండి, మర్నాడు ఉదయం దాకా సీటు వదల్లేదు. తర్వాతి వారమంతా ఆ డెస్కు ముందు ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల జనమే.

సమస్య ఎలా బయటపడింది

ప్రమాదం జరిగిన రెండు నెలల తర్వాత, మామూలు రోజున, ఒకాయన వచ్చి వాళ్లమ్మ ఏ వార్డులో ఉందని అడిగాడు. ఆమె స్క్రీన్ చూసింది, నోరు తెరిచింది, మాట రాలేదు. గుసగుస తప్ప గొంతు పైకి లేవలేదు. జలుబు అనుకుంది. వారమైనా తగ్గలేదు.

ఈఎన్‌టీ డాక్టర్ గొంతులోకి కెమెరా పెట్టి చూశారు. స్వరతంతువులు శుభ్రంగా ఉన్నాయి. వాపు లేదు, గడ్డ లేదు, పక్షవాతం లేదు. మాట్లాడమంటే తంతువులు రెండూ దగ్గరికి రావడం లేదు. దగ్గమంటే మాత్రం టక్కున కలుస్తున్నాయి, దగ్గు శబ్దం ఖంగున వస్తోంది. ఫంక్షనల్ ఎఫోనియా అని పిలిచే స్థితికి ఇది బండగుర్తు. గొంతు నిర్మాణంలో తేడా ఉండదు, వాడకంలో తేడా వస్తుంది.

అప్పటికే ఆమె నిద్ర పాడైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. ఐసీయూ లిఫ్టుల వైపు వెళ్లాల్సి వస్తే క్యాంటీన్ చుట్టూ తిరిగి వెళ్తోంది. ఇంట్లో పిల్లల మీద విసుగు. ఇవేవీ ఎవరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు, ఎందుకంటే గొంతు నొప్పికి వచ్చిన మనిషిని గొంతు గురించే అడుగుతారు.

మొదట చేసినవి, అవి ఎందుకు ఫలించలేదు

ఈఎన్‌టీలో కొన్నాళ్లు మౌనంగా ఉండమన్నారు, యాసిడిటీ మాత్రలు ఇచ్చారు. గొంతు వాచినవాళ్లకు మౌనం మంచిది. ఈమెకు మాత్రం మాట్లాడే అలవాటు ఇంకా తప్పింది. బయట ఒక డాక్టర్ నిద్రకు ఆల్ప్రజోలామ్ రాశాడు. నిద్ర పట్టేది, పగలంతా మబ్బుగా ఉండేది. దుర్ఘటనల తర్వాతి మానసిక సమస్యలకు ఈ తరహా మాత్రలు వద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. అలవాటు పడే ప్రమాదం ఒక కారణం. మనసు ఆ సంఘటనను జీర్ణించుకునే పనికి అవి సాయపడకపోవడం ఇంకో కారణం. మా సైకియాట్రిస్టు వాటిని నెమ్మదిగా తగ్గిస్తూ ఆపేశారు.

యాజమాన్యం మంచి మనసుతోనే ఆమెను మెడికల్ రికార్డ్స్ గదికి మార్చింది. మాట్లాడే పని లేదు, జనం లేరు. పైకి చూస్తే సరైన నిర్ణయమే. ఆమెకు మాత్రం అది శిక్షలా తగిలింది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి సీటు మారడం అంటే కాంట్రాక్టు రెన్యూవల్ దగ్గర పేరు తీసేస్తారేమో అన్న టెన్షన్. పైగా భయపెట్టే చోటికి దూరంగా ఉంచితే భయం ఆ క్షణానికి తగ్గినట్టుంటుంది, లోపల మాత్రం ఇంకా గట్టిపడుతుంది. రికార్డ్స్ గదిలో ఉన్నన్నాళ్లూ గొంతు రాలేదు సరికదా, హాల్లోకి రావడమే మానేసింది.

అంతకుముందే ఇంకొకటి జరిగింది. ప్రమాదమైన కొద్ది రోజులకు ఆడిటోరియంలో సిబ్బందికి ఒక సామూహిక కౌన్సెలింగ్ పెట్టారు. బయటి నుంచి వచ్చిన ట్రైనర్ ఒక్కొక్కరినీ లేపి, ఏం చూశారో, ఏం అనిపించిందో చెప్పమన్నాడు. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ ఫైర్ సిబ్బంది, అంబులెన్స్ సిబ్బంది కోసం ప్రచారంలోకి తెచ్చిన డీబ్రీఫింగ్ పద్ధతికి ఇది వారసురాలు. తర్వాత జరిగిన పరీక్షల్లో, ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించడం వల్ల భవిష్యత్తులో పీటీఎస్‌డీ (దుర్ఘటన తర్వాత మనసును చాలాకాలం వేధించే రుగ్మత) రాకుండా ఆగదని తేలింది. కొందరికి అది హాని కూడా చేస్తుందని కనపడింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ రెండూ దాన్ని చేయొద్దంటాయి. ఆమె విషయంలో ఆ హాని ఎలా జరిగిందో స్పష్టంగా చెప్పగలిగింది. తను చూడని దృశ్యాలన్నీ ఆ గంటలో బర్న్స్ వార్డు నర్సుల నోట విన్నది. అంతవరకు తన దగ్గర ఒక లిస్టు, కొన్ని ముఖాలు మాత్రమే ఉండేవి. ఆ రోజు నుంచి ఆ పేర్లకు కాలిన ఒళ్లు కూడా తోడయ్యాయి.

అలాంటి తొలి రోజుల్లో చేయాల్సిన పని వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడులో మూడే మెట్లు: చూడండి, వినండి, కలపండి. ఎవరికి ఏం అవసరమో చూడాలి, చెప్పాలనిపించినవాళ్లు చెబితే వినాలి, కావలసిన సాయంతో కలపాలి. తిండి, నిద్ర, ఇంటికి ఫోను, రెండో షిఫ్టుకు మనిషి. చెప్పించడం అందులో లేదు.

నా దగ్గరికి వచ్చాక

ఆమె ఒక నోటు పుస్తకం, పెన్ను పట్టుకుని వచ్చింది. కూర్చోగానే మొదటి పేజీ నా వైపు తిప్పింది. "నేను నాటకం ఆడటం లేదు మేడమ్" అని రాసి ఉంది. "రిపోర్టులన్నీ నార్మల్" అని ఎవరో చెప్పారు. ఆమెకు అది "నాటకం ఆడుతున్నావు" అన్నట్టు వినపడింది.

అందుకే మొదట ప్రమాదం ఊసు ఎత్తలేదు. ఎత్తితే "గొంతు బాగానే ఉంది, మనసులోనే ఏదో ఉంది" అని నేనూ అన్నట్టవుతుంది. ముందు ఆమె సమస్య నిజమని ఆమెకు కనపడాలి. ఆమె ఫోన్‌లోనే రికార్డింగ్ ఆన్ చేసి దగ్గమన్నాను. ఆ దగ్గును తిరిగి వినిపించాను. కాసేపు ఫోన్ వంక చూసి, మళ్లీ ప్లే చేసింది. "ఈ శబ్దం చేసింది మీ తంతువులే. మగ్గం బాగానే ఉంది, నేసే చెయ్యి బిగుసుకుపోయింది. చేతిని వదులు చేయడం మా స్పీచ్ థెరపిస్టుకి తెలుసు. అదెందుకు బిగుసుకుందో మనం మెల్లగా చూద్దాం" అన్నాను. పుస్తకం మూసేసి తల ఊపింది.

స్పీచ్ థెరపిస్టు దగ్గునే పట్టుకుని మొదలుపెట్టింది. దగ్గు చివర శబ్దాన్ని సాగదీయడం, దాన్ని "ఊఁ" అనే మూలుగుగా మార్చడం, మెడ కండరాలను చేత్తో వదులు చేయడం, మూలుగు నుంచి "మ" అక్షరం, అక్కడి నుంచి చిన్న మాటలు. గొంతు త్వరగానే వచ్చింది. ఆ గదిలో ఆమె పిల్లల పేర్లు గట్టిగా పలికింది. అందరం సంతోషించాం. హెల్ప్ డెస్కులో ఒక గంట కూర్చోబెట్టి చూశాం. మళ్లీ గుసగుసే.

ఇలాంటి చోట "మళ్లీ మొదటికొచ్చింది" అనుకుని వ్యాయామాలు పెంచడం తేలిక. నాకు మాత్రం ఆ గంట చాలా పనికొచ్చింది. గది మారితే గొంతు మారుతోందంటే, డెస్కులో ఏదో ఉంది. ఏముందో తెలియాలి. ఆమెను ప్రమాదం గురించి చెప్పమనలేదు. అడిగింది ఒక్కటే: "ఆ సీట్లో కూర్చుని ఏయే జవాబులు చెబుతారో, వరసగా రాయండి. ఏది రాస్తుంటే మెడ పట్టేసినట్టు ఉంటుందో దాని పక్కన గీత పెట్టండి."

బిల్లింగ్ కౌంటర్ ఎటు, ఫార్మసీ ఎటు, ఆరోగ్యశ్రీ డెస్కు ఎక్కడ, డాక్టర్ ఎన్నింటికి వస్తారు, ఇవన్నీ గీత లేకుండా దాటిపోయాయి. ఒక్కచోటే గీత పడింది, అదీ రెండుసార్లు. ఎవరైనా పేరు చెప్పి అడిగితే లిస్టు చూసి, మీవాళ్లు ఇక్కడే ఉన్నారని చెప్పే చోట.

అప్పుడు చెప్పింది. సగం గుసగుస, సగం రాత.

ప్రమాదమైన మూడో రోజు ఉదయం ఒక పెద్దాయన వచ్చాడు. బీహార్ నుంచి జనరల్ బోగీలో నిలబడి వచ్చినట్టున్నాడు. ఒక గుడ్డ సంచి, చేతిలో కొడుకు ఆధార్ జిరాక్స్. పేరు చెప్పాడు. ఆమె లిస్టు చూసింది. పేరుంది. "ఉన్నారు బాబా, నాలుగో ఫ్లోర్ ఐసీయూలో ఉన్నారు" అంది హిందీలో. ఆయన "జిందా హై న, బిటియా?" (బతికే ఉన్నాడు కదా, తల్లీ?) అని అడిగాడు. "ఉన్నారు బాబా, ఉన్నారు" అంది. ఆయన సంచి కింద పెట్టి, కౌంటర్ మీంచి వంగి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

ఆయన రెండు రోజులు ఐసీయూ బయట కూర్చున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గాజు తలుపులోంచి కట్లు కట్టిన మనిషిని చూపించేవాళ్లు. మధ్యాహ్నం కిందికి వచ్చి ఆమెకు కనపడి వెళ్లేవాడు. తర్వాత ఇంకో కుటుంబం వచ్చింది. వాళ్ల అబ్బాయికి కాలి మీద చిన్నప్పటి ఆపరేషన్ మచ్చ ఉందన్నారు. చూస్తే ఉంది. ఒకే పేరున్న ఇద్దరు కుర్రాళ్లు ఒకే షెడ్డులో పనిచేశారు. పడక మీదున్నది పెద్దాయన కొడుకు కాదు. ఆయన్ను ప్రభుత్వ ఆసుపత్రి మార్చురీకి వెళ్లి డీఎన్ఏ కోసం రక్తం ఇమ్మని చెప్పారు. ఎలా వెళ్లాలో కనుక్కోవడానికి ఆయన మళ్లీ ఆమె దగ్గరికే వచ్చాడు. కోప్పడలేదు. చీటీ మీద హిందీలో దారి రాసిచ్చి, ఆటో మాట్లాడి ఎక్కించింది.

ఆ రోజు షిఫ్టు పూర్తిచేసింది. మర్నాడు వచ్చింది. గొంతు అప్పుడు పోలేదు. జనం పలచబడి, పరిహారం చెక్కులు అయిపోయి, అందరూ మర్చిపోయాక పోయింది. ఇలా ఆలస్యంగా బయటపడటం మా దగ్గర మామూలే. పని ఒత్తిడి ఉన్నంతకాలం ఒళ్లు నిలబెడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "నోటితో తప్పు చెప్పింది కాబట్టి నోరు పడిపోయింది" అని ఈ కథను ముడివేయడం చాలా సులువు, వినడానికి బాగుంటుంది కూడా. ఇదే తరహా గొంతు సమస్యతో వచ్చిన చాలామందికి ఇలాంటి కథ ఉండదు. అందుకని ఆమెకు అలా వివరించలేదు. ఆ ఒక్క జవాబు దగ్గర ఒళ్లు బిగుసుకుంటోంది, దాన్ని వదులు చేద్దాం అన్నంతవరకే చెప్పాను.

రోగనిర్ధారణ దగ్గరా ఆలోచించాల్సి వచ్చింది. జ్ఞాపకాలు తోసుకురావడం, ఆ చోటు తప్పించుకోవడం, నిద్ర పట్టకపోవడం, అన్నీ పీటీఎస్‌డీలా ఉన్నాయి. మానసిక రుగ్మతలను నిర్ధారించడానికి వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం ఆ పేరు పెట్టాలంటే చావునో ఘోరమైన గాయాన్నో ఎదుర్కోవడమో, కళ్లారా చూడటమో, వృత్తిరీత్యా అలాంటి వివరాల మధ్య పదేపదే మెలగడమో లాంటిది ఉండాలి. చివరిదాన్ని సాగదీసి ఈమెకు పెట్టవచ్చు. నేను పెట్టలేదు. ఆమెను తినేస్తున్నది భయం కాదు, అపరాధభావం. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో పనిచేసిన జోనథన్ షే అనే సైకియాట్రిస్టు 1990లలో నైతిక గాయం అన్న మాట వాడారు. చేయకూడనిది చేశామనో, ఆపాల్సింది ఆపలేకపోయామనో లోపల మిగిలే గాయం అది. దాన్ని భయంలా చూసి చికిత్స చేస్తే అసలు నొప్పి పక్కన ఉండిపోతుంది.

హెచ్ఆర్‌కి ఏం రాయాలన్నది ఇంకో నిర్ణయం. వాళ్లు రోగనిర్ధారణ అడిగారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా చెబుతుంది; ఉద్యోగి అయినంత మాత్రాన ఆ హక్కు పోదు. "గొంతుకు చికిత్స జరుగుతోంది, డెస్కు పనిని దశలవారీగా తిరిగి మొదలుపెట్టాలి, సీటు అలాగే ఉంచాలి" అని రాసిచ్చాను. ప్రతి మాటా నిజం, అక్కరలేనిది ఒక్కటీ లేదు.

ఏది పనిచేసింది

"నీ తప్పేం లేదమ్మా" అని సూపర్‌వైజర్ అన్నాడు. భర్త అన్నాడు. ఐసీయూ డాక్టర్ కూడా పిలిచి చెప్పారు. అందరూ ప్రేమతోనే అన్నారు. అన్న ప్రతిసారీ ఆమె ఇంకాస్త మూసుకుపోయింది. ఎందుకంటే ఆ మాట ఆమె చెప్పింది నిజం. జరగనట్టు మాట్లాడితే, ఇక దాని గురించి చెప్పుకునే చోటే ఉండదు. అందుకే ఆ ఓదార్పు నేను ఇవ్వలేదు. "ఆ మాట మీరు చెప్పారు. అది ఎక్కడెక్కడి నుంచి మీ నోటిదాకా వచ్చిందో కాగితం మీద పెడదాం" అన్నాను.

ఒక పెద్ద గుండ్రం గీసి అందులో తన వాటా ఎంతో రంగు వేయమన్నాను. దాదాపు మొత్తం వేసేసింది. ఆ తర్వాత కొత్త కాగితం తీసుకుని ఒక్కొక్కటీ రాశాం. ఒక్క పేరుతో కూలీలను పెట్టుకున్న కాంట్రాక్టర్. పొగలో అయోమయంలో ఉండి పేరు చెప్పిన తోటి కార్మికుడు. ఆ పేరును నిర్ధారించుకోకుండా కేస్ షీటు మీద రాసుకున్న వ్యవస్థ. లిస్టు ప్రింటులో "పేరు ధ్రువపడలేదు" అని రాసే గడి లేకపోవడం. ముఖం గుర్తుపట్టలేని పేషెంట్ల కోసం మచ్చలు, పళ్లు, పచ్చబొట్లు అడిగే పద్ధతి అప్పటికి లేకపోవడం. సరిగ్గా నిద్రలేని మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టిన డ్యూటీ చార్టు. వీటన్నిటికీ చోటు ఇచ్చాక గుండ్రంలో ఒక చీలిక మిగిలింది.

ఆ చీలికను ఆమె చెరపనివ్వలేదు. "ఇంకా పక్కా కాలేదు బాబా, కాస్త ఆగండి అని నేను అనొచ్చు మేడమ్. అనలేదు. ఆయన ముఖం చూసి అనలేకపోయాను." నేను వాదించలేదు. అది ఉన్నదే. మొత్తం మీద వేసుకున్నప్పుడు అది ఆమెను తొక్కేసింది. దాని కొలత దానికి దొరికాక చేత్తో పట్టుకోగలిగింది. పని అక్కడి నుంచి మలుపు తిరిగింది.

తర్వాత ఆ ఉదయాన్ని మొదటి నుంచి చివరి దాకా గొంతెత్తి చెప్పడం. తన గొంతుతోనే, ఫోన్‌లో రికార్డు చేసి, ఇంట్లో పిల్లలు బడికి పోయాక వినడం. పీటీఎస్‌డీకి వాడే పద్ధతే ఇది. కానీ అపరాధభావం కూడా ఉన్నప్పుడు ఆ కాగితం పని ముందు అయ్యాకే దీనికి వెళ్లడం మంచిదని నా అనుభవం. లేకపోతే మనిషి తనమీద తనే తీర్పు పదేపదే వింటున్నట్టవుతుంది.

ఈ మధ్యలో ఆమె ఒకటి అడిగింది. ఆ పెద్దాయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పొచ్చా? నంబరు రిజిస్టర్‌లో ఉంది. చాలాసేపు మాట్లాడుకున్నాం. కొడుకును పోగొట్టుకున్న మనిషికి మనం ఫోన్ చేసి ఏడిస్తే, మనల్ని ఓదార్చే భారం ఆయన మీద పడుతుంది. ఆయన అడగని భారం అది. చేయకూడదని ఆమే అంది. అయితే ఆ మాటల్లోనే నాకు ఇంకోటి తట్టింది. ఆయన ఆటో ఎక్కాక ఏమైందో ఆమెకు తెలియదు. కొడుకు దొరికాడా? ఇంటికి తీసుకెళ్లాడా? రాత్రి మూడింటికి ఆమెను లేపుతున్న ప్రశ్నలు ఇవే.

మా సోషల్ వర్కర్ ఆ రోజుల్లో మార్చురీ దగ్గరి పోలీసులతో మాట్లాడుతుండేవాడు. ఎంతవరకు చెప్పవచ్చో ముందు తేల్చుకున్నాం. ఇంకో కుటుంబం వివరాలు కాబట్టి, ఒక్క ముక్కే: డీఎన్ఏ కలిసింది, దేహాన్ని తండ్రికి అప్పగించారు, అంబులెన్సులో సొంతూరికి తీసుకెళ్లారు. ఆమె విని ఏడ్చింది, పైకి వినపడేట్టు ఏడ్చింది. ఆ వారం నుంచి తెల్లవారుజాము మెలకువ తగ్గుతూ వచ్చింది. హెల్ప్ డెస్కు, సెక్యూరిటీ, అంబులెన్స్ డ్రైవర్లు, వీళ్లకు ప్రతి మనిషి కథలో మొదటి పేజీయే అందుతుంది. చివర ఎవరూ చెప్పరు. ఇప్పుడు మా దగ్గర పెద్ద ఘటన తర్వాత, గోప్యతకు భంగం లేనంతవరకు, ఏం జరిగిందో అన్ని విభాగాల వాళ్లకూ క్లుప్తంగా చెప్పడం మొదలుపెట్టాం. మందు కంటే ఇది చవక.

డెస్కుకు తిరిగి రావడం మెట్టు మెట్టుగా జరిగింది. రద్దీ లేని మధ్యాహ్నం వేళ, పక్కన ఇంకో ఉద్యోగి, మొదట దారులు చెప్పే పని మాత్రమే. తర్వాత అపాయింట్‌మెంట్లు. చివరికి పేరు చూసి చెప్పే పని. దానికి ముందు ఆమె తనే ఒక ప్రతిపాదన రాసి తెచ్చింది. తల్లిదండ్రుల పేరు, వయసు, ఒంటి మీద గుర్తు, వీటిలో కనీసం ఒకటి పేరుతో పాటు కలిస్తేనే "ఉన్నారు" అని చెప్పాలి. కలవకపోతే లిస్టులో ఆ వరుస వేరే రంగులో ఉండాలి, బంధువులను కౌంటర్ దగ్గర కాకుండా పక్క గదిలో సోషల్ వర్కర్ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) దాన్ని కొన్ని మార్పులతో ఒప్పుకుని అమలు చేశారు. నా దృష్టిలో చికిత్సలో అన్నిటికంటే బరువైన భాగం ఇదే. మిగిలిన ఆ చీలికతో ఏం చేయాలన్న ప్రశ్నకు గదిలో కూర్చుని జవాబు దొరకదు. ఇంకో తండ్రికి అలా జరగకుండా చేయగలిగిన పని చేతికి దొరికాక ఆమె నడక కూడా మారింది.

కొన్ని నెలల తర్వాత ఒక బస్సు ప్రమాదం జరిగి పదుల సంఖ్యలో జనం వచ్చారు. ఆ రోజు డెస్కులో ఆమే ఉంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తనే వెళ్లి వ్యాయామం చేసుకుని, మర్నాడు మామూలుగా డ్యూటీకి వచ్చింది. ఐసీయూ లిఫ్టుల దారి ఇప్పటికీ ఒక్కోసారి తప్పిస్తుంది. దాని మీద పని సాగుతోంది.

నేర్చుకున్నవి

ప్రమాదం తర్వాత సిబ్బంది జాబితా రాసేటప్పుడు ఇప్పుడు మేము హోదా చూడం. "ఆ వారంలో బంధువులతో మాట్లాడింది ఎవరు?" అని అడుగుతాం. ఆ ఒక్క ప్రశ్నతో హెల్ప్ డెస్కు, సెక్యూరిటీ, బిల్లింగ్, లిఫ్ట్ ఆపరేటర్, ఆయాలు, వార్డు బాయ్‌లు అందరూ జాబితాలోకి వచ్చేస్తారు. ఔట్‌సోర్సింగ్ వాళ్లను ఏజెన్సీ చూసుకుంటుందిలే అనుకోవడం మానేశాం. ఏజెన్సీకి హాజరు పట్టీ తప్ప ఇంకేం కనపడదు, జీతం కోత లేని సెలవు ఇవ్వాలంటే ఆసుపత్రే లిఖితపూర్వకంగా చెప్పాలి. అలా చెప్పించాం.

రెండు నెలలు, ఆరు నెలలు గడిచాక మళ్లీ పలకరించడం కూడా అంతే ముఖ్యం. మానసిక బాధ తెలుగునాట చాలాసార్లు ఒంటి నొప్పిగానే గుమ్మం తొక్కుతుంది: గొంతు, మెడ, కడుపు మంట, కళ్లు తిరగడం. ప్రమాదంలో డ్యూటీ చేసిన ఉద్యోగి ఆ నెలల్లో ఏ ఓపీకి వచ్చినా, "నిద్ర పడుతోందా, ఏ చోటికైనా వెళ్లబుద్ధి కావట్లేదా" అని రెండు ప్రశ్నలు అడగమని ఈఎన్‌టీ, ఆర్థో, జనరల్ మెడిసిన్ డాక్టర్లను కోరాం. అడుగుతున్నారు. సొంత ఆసుపత్రిలో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందని జంకే వాళ్లకు టెలీ మానస్ 14416 నంబరు ఇస్తున్నాం. 2022 అక్టోబరులో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మా దగ్గర ఇంకా చేయి పడనిది మార్చురీ సిబ్బంది విషయం. పిలిస్తే రారు. "మాకు అలవాటే మేడమ్" అంటారు. వాళ్లను ఓపీకి పిలవడం మానేసి, టీ వేళకు మా సోషల్ వర్కరే అక్కడికి వెళ్లి కూర్చుంటున్నాడు. ఇప్పటికి డ్యూటీ చార్టు గురించి, చేతి గ్లౌజుల నాసిరకం గురించి మాట్లాడుతున్నారు. గ్లౌజులు మార్పించాం. మిగతా మాటలు వాళ్లు ఎప్పుడు మొదలుపెడితే అప్పుడు వింటాం.